ఎండాకాలంలో హీటరు

మా జి.కొండూరు ఎండల సంగతి చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం, ఈ మెట్ట ప్రాంతమంతా ఒకటే తీరు. మే నెల వచ్చిందంటే రాళ్లు కాగుతాయి, వడగాలి కొడుతుంది. ఇలాంటి చోట కారుకు హీటరెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా మా బాబాయిగారి అంబాసిడర్‌కు హీటరు ఉండేది. ఆ బండి మొదటి యజమాని ఉత్తరాదిన చలి ప్రదేశంలో ఉద్యోగం చేసినవాడట. ఆయన బిగించుకున్నది అలాగే ఉండిపోయింది.

అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునుండి. ఆ నమూనా మీద హిందూస్తాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1958 నాటినుండి 2014 వరకు ఈ బండ్లను తయారు చేశారు. చాలా కాలం వీటికి 1489 సి.సి. ఇంజనే ఉండేది. బానెట్టు ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. అందుకే పల్లెటూరి మెకానిక్కులకు కూడా అది చనువైన బండి అయింది.

కారులో హీటరు అంటే కరెంటు పొయ్యి లాంటిది కాదు. ఇంజను చుట్టూ తిరిగే నీరు ఆ వేడిని తీసుకుని ముందున్న రేడియేటరులోకి వస్తుంది. అక్కడ గాలి తగిలి చల్లారి, మళ్లీ ఇంజనులోకి పోతుంది. ఆ వేడినీటిలో కొంత భాగాన్ని ఒక గొట్టం ద్వారా డాష్‌బోర్డు కిందికి మళ్లిస్తే అక్కడ ఇంకొక చిన్న రేడియేటరు ఉంటుంది. దాని వెనుక ఫ్యాను తిరిగితే వెచ్చని గాలి లోపలికి వస్తుంది. అంతే హీటరు. ఇంజను పైభాగాన సిలిండరు హెడ్డు దగ్గర ఒక చిన్న కుళాయి ఉంటుంది. అది తిప్పితే నీరు హీటరుకు పోతుంది, కట్టేస్తే ఆగిపోతుంది.

మా బాబాయిగారు ఏటా సంక్రాంతి వెళ్లగానే ఒక పూట దీనికే కేటాయించేవారు. ఇంజను పూర్తిగా చల్లారాక అడుగున కుళాయి విప్పి పాతనీరు వదిలేసేవారు. హీటరు గొట్టాలు రెండూ ఊడదీసి, నీరు బయటికి వచ్చే వైపునుండి లోపలికి ఎదురు నీళ్లు పట్టేవారు. మొదట తుప్పు రంగులో బురద వచ్చేది. తేటగా వచ్చేదాకా వదిలేవారు కాదు. గొట్టాలను వేళ్లతో నొక్కి చూసి, గట్టిపడినవీ ఉబ్బినవీ మార్చేవారు. క్లిప్పులు బిగించేవారు, ఫ్యాను బెల్టు బిగువు చూసేవారు. బోరునీళ్లు మాత్రం పోయనిచ్చేవారు కాదు. మా బోరునీళ్లు కాచిన గిన్నెలో తెల్లని పెచ్చు కడుతుంది కదా, అదే పెచ్చు రేడియేటరు సన్నని గొట్టాలలోనూ కడుతుంది. వాననీరు పట్టి ఉంచి, దానిలో కూలెంటు కలిపి పోసేవారు. పోసేటప్పుడు హీటరు కుళాయి తెరిచే ఉంచాలి. లేకపోతే లోపల గాలి చిక్కుకుని నీరు తిరగదు.

“వాడని వస్తువుకు ఇంత సేవ ఎందుకండీ?” అని పిన్ని నవ్వేది. “వాడకపోయినా నీరు దానిదాకా పోతూనే ఉంది కదే” అనేవారు బాబాయి. వానాకాలం ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడూ, జనవరిలో మంచు కమ్మినప్పుడూ మాత్రం దాని అక్కర కనిపించేది.

2003 మే నెల. ఆ ఏడు వడదెబ్బకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా చెల్లికి నెలలు నిండి, మధ్యాహ్నం వేళ నొప్పులు మొదలయ్యాయి. బాబాయి కారు తీశారు. విజయవాడ ఎంతో దూరం లేదు. కాని ఇబ్రహీంపట్నం దగ్గర లారీలు బారులు తీరి ఆగిపోయాయి. బండి ముందుకు కదలకపోతే రేడియేటరుకు చాలినంత గాలి తగలదు. వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు జరుగుతోంది.

బాబాయి బండి పక్కకు తీసి ఇంజను ఆపారు. వంగి కింద చూశారు, నీరు కారడం లేదు. రేడియేటరు మూత ముట్టుకోలేదు. గుడ్డ చుట్టుకుని హీటరు కుళాయి తిప్పారు. తిరిగి ఇంజను వేసి, లోపల ఫ్యాను వేసి, అద్దాలన్నీ దించమన్నారు. పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి వచ్చింది.

“బాబాయ్, కాలిపోతున్నా!” అంది చెల్లి.

“ఓర్చుకో తల్లీ. బండి ఆగిపోతే మరీ కష్టం” అన్నారాయన. అమ్మ తడిపిన తువ్వాలు దాని తలమీద వేసి, మంచినీళ్లు తాగిస్తూ కూర్చుంది. కొన్ని నిమిషాలకు ముల్లు వెనక్కి తగ్గింది. ఆ రెండో రేడియేటరు కూడా ఇంజను వేడిని లాగేసిందన్నమాట. దారి వదిలాక మెల్లగా ఆసుపత్రికి చేరాము. చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ హీటరు పూడిపోయి ఉంటే కుళాయి తిప్పినా ఫలితం ఉండేది కాదు.

పాత బండ్లు ఉంచుకున్నవారికి రెండు మాటలు. ఇంజను కాగి ఉన్నప్పుడు మూత తీయకండి. మూత కింది ఒత్తిడి వలన నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా పొంగి ముఖం మీద పడుతుంది. నీరు కారిపోతుంటే మాత్రం హీటరు కాపాడదు, బండి ఆపేయవలసిందే. ఇక కూలెంటు తియ్యగా ఉండే విషం. వదిలిన నీటిని పెరట్లో పారబోయవద్దు. పిల్లలకూ కుక్కలకూ దూడలకూ అందకుండా చూడండి.

ఇప్పటి కార్లలోనూ ఇదే నీరు, ఇదే చిన్న రేడియేటరు. ఎండలు ముదరకముందే ఒకసారి చూపించుకోండి. అవసరం ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు.