ఎగిరే యంత్రానికి ఎంత బుర్ర కావాలి?

శాస్త్రం చేలోకి దిగినప్పుడే దానికి సార్థకత. మా ఐ.పోలవరంలో వరిచేను గట్టు దాటితే రొయ్యల చెరువు. పురుగుమందు కొట్టే డ్రోను కాస్త దారి తప్పిందా, పక్క రైతు పెట్టుబడి గంగపాలే! కనుక ఆ డ్రోనుకు ఏ బుర్ర పెట్టాలన్నది మాకు కేవలం చదువు ప్రశ్న కాదు.

బుర్రలు రెండు రకాలు. పిక్స్‌హాక్ వంటి చిన్న కంట్రోలరు సెకనుకు వందలసార్లు ఒరుగుడు కొలిచి మోటార్లను సరిదిద్దుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై వంటి పెద్ద కంప్యూటరు కెమెరా బొమ్మలు చదవగలదు గాని, లైనక్సు మామూలుగా ప్రతి పనీ వేళకే చేస్తానని హామీ ఇవ్వదు. తూకం నిలిపే పని దానికి అప్పగించరాదు.

కొబ్బరి తోటలో మట్టల మధ్య దూరాలంటే ఆ కళ్లున్న బుర్ర కావాలి. వరిచేలో దండగే, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు బ్యాటరీ తింటుంది. అక్కడ ఆ బరువుకు బదులు, సెంటీమీటర్లలో చోటు చెప్పే ఆర్‌టీకే జీపీఎస్ మేలు.

సాఫ్టువేరులో ఆర్డూపైలట్, పీఎక్స్ ఫోర్ రెండూ మూలరాత దాచనివే. అయితే ఆర్డూపైలట్‌ను మార్చి అమ్మేవాడు, కొన్నవాడు అడిగితే ఆ మార్పులు కూడా ఇచ్చితీరాలి. రెండోదానికి ఆ నిర్బంధం లేదు. రైతుబిడ్డగా నా ఓటు మొదటిదానికే. నాగలి విరిగితే ఊళ్లో వడ్రంగి బాగుచేశాడు. మిత్రులారా, రేపు డ్రోనుకు ఆ వడ్రంగులం మనమే కావద్దూ?