పసుపు పేరున్న ఏరు

మాఘమాసంలో జక్రాన్‌పల్లి దాటే బస్సులోకి పసుపు ఉడుకుతున్న ఘాటు వాసన వస్తుంది. కల్లంలో ఉడికిన కొమ్మును విరిచి చూస్తే గోటికంటిన రంగు ఒక పట్టాన వదలదు. ఆ రంగునే పేరుగా పెట్టుకున్న ఏరు ఒకటి మా జిల్లాలో ఉంది. అదే హరిద్ర. కందకుర్తిలో మంజీరతో పాటు అదీ గోదావరిలో కలుస్తుంది. వరదొస్తే సంగమం నడుమనున్న రాతి శివాలయం మునుగుతుంది. నీళ్లు తీస్తే మళ్లీ తేలుతుంది.

అక్కడినుంచి గోదారి నడక మందగించి శ్రీరాంసాగర్ అవుతుంది. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడులో దీనికి పునాదిరాయి వేశారు. 42 వరద గేట్లు, 1091 అడుగుల నిండు మట్టం. ఈ లెక్కలు మా దగ్గర అందరికీ నోటికొచ్చు. నీళ్ల కింద పోయిన ఊళ్ల పేర్లు మాత్రం ముసలివాళ్లనడగాలి.

కట్ట దాటాక సోన్ వంతెన. దాని మీద బస్సు కిటికీలోంచి ఎవరో ఒకరు రూపాయి బిళ్ల విసురుతారు, చేయి నుదుటికి తాకించుకుంటారు. నీళ్లకు ఇలా మొక్కుకోవడం మన దగ్గరే కాదు. ఆండీస్ కొండల్లో 3,812 మీటర్ల ఎత్తున టిటికాకా అనే సరస్సుంది. ఇంకాల కంటే ముందే తివనాకు జనం అక్కడి సూర్యద్వీపం దగ్గర బంగారు రేకులు, గవ్వలు, ధూపపాత్రలు నీళ్లకిచ్చుకున్నారు. మొన్నమొన్ననే వాటిని ఈతగాళ్లు పైకి తీశారు. అచ్చం మన మొక్కే!

మన పాతవాళ్లెవరు మరి? అశ్మకులు. పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది వాళ్లదొక్కటే. వాళ్ల పోదన నగరమే నేటి బోధన్ అంటారు. బుద్ధుడి దగ్గరికి పదహారుమంది శిష్యులను పంపిన బావరి ఉన్నదీ గోదావరి ఒడ్డునే. ఆ చోటు నది రెండు పాయల మధ్యనున్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల మాట. నాకూ అదే నమ్మాలనిపిస్తుంది.

ధర్మపురి దాటితే పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల. వాన వెలిశాక అక్కడి మట్టిలో జనానికి నాణేలు దొరికేవి. శాతవాహన సిముకుడివే కాదు, అంతకు ముందరి రాజులవీ. గోభద, నారన, కంవాయస, సమగోప. వీళ్లను గురించి కావ్యం లేదు, కథా లేదు. నాణెం మీది పేరొక్కటే మిగిలింది. ఆ ఒడ్డు దాకా ఇప్పుడు ఎల్లంపల్లి వెనకనీళ్లు.