పాతికంగుళాల తెర

అక్టోబర్ 5, 2024, శనివారం. ఫ్రిస్కో, టెక్సస్

పెట్టె గరాజులోకి చేరింది. ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడే పాత ఆర్కేడ్ పెట్టె. లోపల క్యాప్‌కామ్ వాళ్ల 1993 నాటి ఆట, ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. గుంటూరులో ఈ పేరు చెబితే మాలో ఎవడికీ తెలిసేది కాదు. మాకది ముస్తఫా ఆట. నలుగురు వీరుల్లో ఒకడైన ముస్తఫా కైరో పేరే మన దేశంలో ఆటకి పేరైపోయింది. చేతిలో రూపాయి బిళ్ల, వెనకాల నిలబడి సలహాలిచ్చే అరడజను మంది. ఈ రెండూ లేనిదే ఆట లేదు.

అమ్మినాయన మానిటర్ పనిచెయ్యదని ముందే చెప్పాడు. ధర కూడా అందుకు తగ్గట్టే అడిగాడు. వెనక తలుపు తీసి టార్చి వేశాను. పిక్చర్ ట్యూబు మెడ దగ్గర గాజు లోపల అద్దంలా మెరవాల్సిన మచ్చ పాలలా తెల్లబడి ఉంది. ట్యూబులో మిగిలిపోయిన గాలిని పీల్చేందుకు పూసే బేరియం అది. బయటి గాలి చొరబడితే తెల్లబడుతుంది. మెడ చుట్టూ చూస్తే వెంట్రుకంత పగులు. ఈ ట్యూబుకి ఇక వైద్యం లేదు.

ట్యూబుని నడిపే సర్క్యూట్ బోర్డు, చాసిస్, శుభ్రంగానే ఉంది. ఆట బోర్డుకి ప్రాణం ఉంది. కాయిన్ బటన్ నొక్కితే చప్పుడొచ్చింది, ఆట మొదలైంది, చీకటి తెర వెనక ఎవడో ఎవణ్ణో కొడుతున్నాడు. పాప ఓ నిమిషం విని, “నాన్నా, బొమ్మెప్పుడొస్తుంది?” అంది.

అక్టోబర్ 6, ఆదివారం

టేపు పెట్టి కొలిచాను. తెర కోసం చెక్కలో తీసిన కంత అడ్డం 20 అంగుళాలు, నిలువు 15. మూల నుంచి మూలకి 25. పాత టీవీల కొలత, 4:3.

ఇందులోకి ఇప్పటి వైడ్‌స్క్రీన్ మానిటర్ పెడితే ఏమవుతుందో లెక్క వేసుకున్నాను. 23 అంగుళాలది అడ్డంగా సరిగ్గా పడుతుంది, కానీ దాని ఎత్తు పదకొండుంపావే. ఆ ఎత్తులో 4:3 బొమ్మకి దక్కేది 15 అంగుళాల వెడల్పు. అంటే మూల నుంచి మూలకి 19 కూడా రాదు. పాతిక ఉండాల్సిన చోట పంతొమ్మిదికి తక్కువ, చుట్టూ నల్ల పట్టీలు. ముగ్గురు నిలబడితే ముగ్గురికీ చాలని బొమ్మ అది.

పక్కవీధి స్నేహితుడు పెట్టె ముందు భాగం కోసేసి 32 అంగుళాల టీవీ బిగించమన్నాడు. అలా చేసినవాళ్లు చాలామందే ఉన్నారు, బాగానే ఆడుకుంటున్నారు. నేను మాత్రం ఏ తెర పెట్టినా చెక్క కొయ్యను. ఈ పెట్టె నా తర్వాత ఇంకొకరి దగ్గరికి పోతుంది. కోసిన చెక్కని వాళ్లు మళ్లీ అతికించుకోలేరు. నేను పెట్టింది నచ్చకపోతే నాలుగు మరలు విప్పి తీసేసుకునేలా ఉండాలి.

అలా చూస్తే ఎల్‌సీడీల్లో సరైనవి పాత ఆఫీసు మానిటర్లే. 4:3వి ఇప్పుడు దుకాణాల్లో కనబడవు. డెల్ 2007ఎఫ్‌పీ లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి: 20.1 అంగుళాలు, 1600×1200. ఈ ఆట బొమ్మ అడ్డం 384 చుక్కలు, నిలువు 224. అడ్డానికి నాలుగు రెట్లు 1536, నిలువుకి అయిదు రెట్లు 1120. రెండూ పూర్తి సంఖ్యలే, రెండూ ఆ తెరలో పడతాయి. బొమ్మ ఉండాల్సినదానికన్నా నూటికి మూడు వంతులు వెడల్పవుతుంది, అంతే. ప్రతి చుక్కకీ సమానమైన చోటు దొరుకుతుంది కాబట్టి తెర జరుగుతున్నప్పుడు గీతలు అలల్లా కదలవు. కాగితం మీద ఈ లెక్క కుదిరినప్పుడు చాలా సంతోషమేసింది.

అక్టోబర్ 9, బుధవారం

స్నేహితుడి దగ్గర అదే కొలత మానిటర్ ఉంటే రెండ్రోజులకి తెచ్చుకున్నాను. ఆట బోర్డు సెకనుకి 15,625 గీతలు పంపుతుంది. డెస్క్‌టాప్ మానిటర్‌కి దానికి రెట్టింపైనా ఉండాలి. మధ్యలో జీబీఎస్-8200 అనే చిన్న కన్వర్టర్ బోర్డు పెట్టాం. మామూలుగా కొన్నదాన్ని కొన్నట్టు వాడితే అది ఈ బొమ్మని పాత టీవీ ప్రసారం అనుకుని గీతలు కలిపేస్తుంది, ఆలస్యం కూడా చేస్తుంది. అతను అందులో వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించి ఉంచాడు, కాబట్టి ఆ బాధ తప్పింది.

బొమ్మ వచ్చింది. పదునుగా, వెలుగుగా, పక్క నుంచి చూసినా రంగు మారకుండా. ఈ చివర జాయ్‌స్టిక్ దగ్గర నిలబడ్డవాడికీ ఆ చివర ఉన్నవాడికీ ఒకే రంగు కనిపించడం ముగ్గురి పెట్టెలో చిన్న విషయం కాదు. చవక ప్యానెళ్లు ఇక్కడే దెబ్బతింటాయి.

కానీ డైనోసార్ ఒళ్లు చూస్తే మనసు ఒప్పలేదు. ఈ బోర్డులో ఒక్కో బొమ్మ ముక్కకి 15 రంగులే. ఆ కాస్త రంగుల్లోనే గీసినవాళ్లు చర్మం ముడతలూ కండల నీడలూ చుక్క పక్కన చుక్క పేర్చి తెచ్చారు. పిక్చర్ ట్యూబు మీద ఆ చుక్కల అంచులు ఒకదానిలోకి ఒకటి కాస్త కరుగుతాయి, గీతకీ గీతకీ మధ్య సన్నని చీకటి ఉంటుంది, దాంతో నీడ నీడలాగే కనబడుతుంది. ఇక్కడ చతురస్రాలు కనబడుతున్నాయి. మెట్లు కనబడుతున్నాయి. గీసినవాళ్లు తమ పని సరిచూసుకున్నది ట్యూబుల మీదే. వాళ్లు చూసి సరే అనుకున్న బొమ్మ ఇది కాదు.

కన్వర్టర్‌లో నకిలీ గీతలు వేసే సదుపాయం ఉంది. వేశాం. కొంత మెరుగైంది, వెలుగు తగ్గింది.

అక్టోబర్ 12, శనివారం. విజయదశమి

పొద్దున పూజలో మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు అమ్మవారి ముందు పెట్టి బొట్లు పెట్టాం. ఇవాళ వేటినీ ముట్టుకోలేదు.

రాత్రి తెనాలి బాబాయికి ఫోన్. అక్కడ తెల్లారింది. బాబాయ్ పాతికేళ్లు టీవీ రిపేరు షాపు నడిపాడు. 90లలో వీడియో గేమ్ షాపుల వాళ్లు ప్లైవుడ్ పెట్టెలు చేయించుకుని, లోపల బిగించే పని ఆయనకే ఇచ్చేవాళ్లు. పాత పోర్టబుల్ సెట్లు విప్పి, ట్యూబూ చాసిస్సూ పెట్టెలోకి ఎక్కించేవాడు. నేను 15,625 అనగానే, “అది మన టీవీ లెక్కేరా” అన్నాడు. నిజమే. మన పాత టీవీ ప్రసారంలో సెకనుకి 25 బొమ్మలు, బొమ్మకి 625 గీతలు: 15,625. ఆట బోర్డు 262 గీతలని సెకనుకి దాదాపు 59.6 సార్లు గీస్తుంది: మళ్లీ 15,625. అమెరికా పాత టీవీలదేమో 15,734. జపాన్‌లో తయారైన బోర్డు తెనాలిలోని సెట్టుతో అడ్డం లెక్కలో అంత చక్కగా కలిసిందన్న మాట.

“అడ్డం ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నిలువు దగ్గరే వచ్చేది. మన సెట్టు 50కి కట్టింది, ఆట 60. బొమ్మ పైకి పాకిపోతుంటే వర్టికల్ హోల్డ్ తిప్పేవాణ్ణి. నిలబడ్డాక ఎత్తు తగ్గిపోయేది. అప్పుడు హైట్ పెంచేవాణ్ణి” అన్నాడు.

ఈ పెట్టెకి ఇంకో ట్యూబు వెయ్యడం గురించి అడిగితే మాత్రం ఆయన మాట వేరేలా ఉంది. “ఎల్‌సీడీ పెట్టుకోరా. ఇంట్లో పిల్లలున్నారు. ట్యూబు పోతే రేపు అక్కడ నీకు బాగుచేసేవాడెవడు? నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు.” జీవితమంతా ట్యూబులతో గడిపిన మనిషి ఆ మాట అంటే తేలిగ్గా తీసుకోలేను. చాలాసేపు మాట్లాడాం. చివరికి నేను చెప్పింది ఇదొక్కటే: ఎల్‌సీడీ పదేళ్ల తర్వాత కూడా పెట్టుకోవచ్చు. ట్యూబు పదేళ్ల తర్వాత దొరకదు. ఉన్న ట్యూబులు ఉన్నన్నాళ్లు ఈ ఆట వాటి మీదే ఆడాలి. బాబాయ్ కాస్త ఆగి, “సరే, మరి చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్తా, రాసుకో” అన్నాడు.

రాసుకున్నవి: ప్లగ్ తీసినా ట్యూబులో పాతికవేల వోల్టుల వరకూ ఛార్జి మిగలొచ్చు. మందపాటి పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, రెండో కొస ట్యూబు చుట్టూ ఉన్న లోహపు అల్లికకి తగిలించి, ఎర్రటి రబ్బరు టోపీ కింద దూర్చి డిశ్చార్జ్ చెయ్యాలి. కాసేపాగి మళ్లీ చెయ్యాలి. ఎడమ చెయ్యి జేబులో. ఉంగరం, గొలుసు తీసెయ్యాలి. మెడ పట్టుకుని ఎత్తకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని మొదలెట్టకూడదు.

అక్టోబర్ 19, శనివారం

ట్యూబు కోసం దాత టీవీ దొరికింది. పక్క ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో 25 అంగుళాల టీవీ. ఉచితంగా తీసుకుపొమ్మంది, మోసుకెళ్తే చాలంది. ఇద్దరం పట్టుకుంటేగానీ కదల్లేదు. తీసుకునేముందు అరగంట ఆన్ చేసి ఉంచాం. వెలుగు బాగుంది, తెలుపు తెల్లగానే ఉంది, ఏ మూలా మరక లేదు. ట్యూబులో ఇంకా సత్తువ ఉంది.

ఇంటికొచ్చాక వెనక మూత విప్పి రెండు ట్యూబుల మెడలూ పక్కపక్కన పోల్చాను. సాకెట్‌లో పిన్నుల వరస ఒకటే. ఇది కలవకపోతే కథ ఇక్కడే ఆగేది. తర్వాత యోక్, అంటే మెడ చుట్టూ ఉండే అడ్డం, నిలువు కాయిళ్లు. అడ్డం కాయిల్ రెండింటికీ రెండు ఓమ్‌లకి అటూ ఇటూ. ఓమ్‌లు కలిస్తే చాలదని బాబాయ్ గట్టిగా చెప్పాడు కాబట్టి మీటర్ తెచ్చి ఇండక్టెన్స్ కూడా చూశాను, దగ్గరగానే ఉంది. అడ్డం కాయిల్ ఎల్‌ఓటీతో (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో) కలిసి పనిచేసేది. అక్కడ తేడా ఎక్కువైతే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. నిలువు కాయిల్‌లో కొంచెం తేడా ఉంది. దాన్ని హైట్ కంట్రోల్‌తో సర్దుకోవచ్చు. అందుకని కొత్త ట్యూబుకి దాని యోక్ దానికే ఉంచేస్తున్నాను. ఫ్యాక్టరీలో ఆ రెంటికీ కుదిర్చిన జత, మూడు రంగులూ ఒక చోట పడేలా అయస్కాంతాలు అమర్చి బిగించింది. విడదీస్తే మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాలి.

అక్టోబర్ 20, ఆదివారం

బిగించాం. స్నేహితుడు తోడున్నాడు, బాబాయ్ వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, అద్దంలోలా అక్షరాలు తిరగబడి. అలా రావచ్చని బాబాయ్ ముందే చెప్పాడు. ఆపి, డిశ్చార్జ్ చేసి, అడ్డం కాయిల్ వైర్లు రెండూ అటుదిటూ మార్చాం. ఈసారి అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. ఎత్తు కాస్త పెంచాం.

డైనోసార్ ఒంటి మీద నీడ మళ్లీ నీడలా ఉంది. ఆకుపచ్చ ఆకుపచ్చలోకి జారుతోంది. బాబాయ్ ఫోన్‌లో, “కెమెరా దగ్గరికి పెట్టు, దగ్గరికి పెట్టు” అంటూనే ఉన్నాడు. కెమెరాలో నల్ల పట్టీలు దొర్లుతూ కనబడతాయి కాబట్టి ఆయనకి సరిగ్గా కనబడదు. ఎలా ఉందో నేను నోటితోనే చెప్పాను.

అక్టోబర్ 26, శనివారం

కుడివైపు కింది మూలలో ఎరుపు కొద్దిగా పక్కకి పోతోంది. ఆట చూస్తుంటే తెలియదు, స్కోరు అంకెల్లో తెలుస్తుంది. చిన్న అయస్కాంతపు పట్టీ ఒకటి అంటిస్తే సర్దుకుంటుందట. చాసిస్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ పాతవే, వాటి కిట్ ఆర్డరిచ్చాను. పగిలిన ట్యూబు గాజులో సీసం ఉంటుంది, చెత్తబండిలో వెయ్యకూడదు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చి రావాలి.

స్నేహితుడి మానిటర్ తిరిగిచ్చేశాను. అలాంటిదే ఒకటి కొని అట్టపెట్టెలో ఉంచుకోవాలని ఉంది. ఈ ట్యూబు పోయిన రోజున పెట్టె ఖాళీగా ఉండకూడదు.

మూడో ఆటగాడి జంప్ బటన్ అంటుకుపోతోందని పాప ఫిర్యాదు. రేపు ఆ స్విచ్ మార్చాలి.