చవుడు మిద్దె కింద

1980లో మా నాయనకు మైదుకూరుకు బదిలీ అయినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. కడప నుంచి కర్నూలుకు పోయే రోడ్డూ, ప్రొద్దుటూరు నుంచి బద్వేలు మీదుగా నెల్లూరుకు పోయే రోడ్డూ కలిసే నాలుగు రోడ్ల కాడ బస్సు దిగి, ట్రంకుపెట్టె ఒకరూ పరుపుచుట్ట ఒకరూ మోసుకుంటూ హారన్ల మోత వినపడనంత దూరం నడిస్తే, పసుపు చేలకు ఆనుకున్న వీధిలో మా బాడిగిల్లు. నెలకు 60 రూపాయలు. ఆ సగంలో ఇంటిగల్ల అవ్వ, ఈ సగంలో మేము. నడుమ చేదబావి ఇద్దరిదీ.

అది చవుడు మిద్దె. దూలాల మీద దంతెలు, దంతెల మీద మట్టి, అన్నిటికీ పైన చవుడు. వంటింటి నెత్తిన గవాచి. అందులోంచి దిగిన ఎండ బిళ్ల గోడ జారి రోటి కాడికొస్తే, నాయన అన్నానికొచ్చే వేళయిందని అమ్మ సంగటి కెలికేది. చినుకు పడిందా, ఆ పక్క నుంచి అవ్వ కేక: "అబ్బోడా, గవాచి మూసినావా?" నేను నిచ్చెనెక్కి పాత బాన బోర్లించి రావాల. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ తడిమన్ను వాసన వేరే చెప్పనక్కర్లేదు.

ఏటా తొలకరికి ముందు అవ్వ కొడుకు బండితో చవుడు తోలించేవాడు. నాయన పంచె ఎగగట్టి మిద్దెక్కితే, మేం గంపలు అందించేవాళ్లం. "కారే ఇల్లు ఎవరిదైనా, తడిసేది మన నెత్తే గదా" అనేవాడు. అంత చేసినా ఒక్కో మూల కారేది. కింద బోకులు పెట్టుకుని, చినుకుల చప్పుడు వింటా నిద్రపోయేవాళ్లం.

ఆ చేలకు నీళ్లు కె.సి. కెనాల్‌వి. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు కూడా తిరిగేట్టు సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించిన కాలవ అది. "నీళ్లొదిలినారంట" అనే మాట పడితే చాలు, వీధంతా పండగే. మాఘమాసం దాటినాక పసుపు తవ్వి కొప్పెర్లలో ఉడకేస్తే, ఆ ఆవిరి వాసన మా పక్కబట్టల్లోకీ, చద్దన్నంలోకీ దూరేది. ఆరబోసిన కొమ్ములకు కాపలా ఉంటే అవ్వ చెనిక్కాయల ఉండలు పెట్టేది. వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారి మఠంలో ఆరాధనకు పోయే జనం మా పంచలో కూలబడితే, అవ్వవీ మావీ కడవలన్నీ వాళ్లకే.

1985 జూన్‌లో మళ్లీ బదిలీ. ఆ పొద్దు అమ్మ తెల్లారకముందే లేచి, అవ్వ వద్దన్నా వినకుండా ఇల్లంతా కసువు చిమ్మి, పేడతో అలికి, అవ్వ ఇచ్చిన పసుపే గడపకు పూసి, ముగ్గేసి, అప్పుడు తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని కొంగున ముడేసుకుని, ఏం మాట్లాడకుండా ఆకాశం దిక్కు చూసింది. నల్లమల మీద మబ్బు పట్టింది.

"అబ్బోడా, గవాచి మూసినావా?"

మూట కింద పెట్టి నిచ్చెనెక్కినాను. బాన బోర్లించే ఉంది. అయినా ఒకసారి ఎత్తి, లోపలికి తొంగి చూసి, అమ్మ అలికిన తడినేల మీద పడిన ఆ ఎండ బిళ్లను చూసుకుని, మళ్లీ మూసి దిగినాను.