గ్రీకులది కాని పళ్లెం

భావనపాడులో పొద్దుటి వేట ముగిసి పడవలు ఒడ్డుకు చేరాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని సాలిహుండం దారి అడిగితే, "అక్కడేటుంది బావూ, ఇటికలే కదా!" అన్నాడు. నౌపడ ఉప్పుమడులు, టెక్కలిలో చప్పిడి టీ, హైవే మీద లారీల వరస దాటి మధ్యాహ్నానికి ఆ ఇటుకల దగ్గరికే చేరాను.

వంశధార ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రపు కొండను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. అవును, వాడుక భాష గిడుగే! 1940ల్లో, మళ్లీ 1950ల్లో తవ్వారు. స్తూపాలు, చైత్యాలు, మ్యూజియంలో తార, మారీచి దేవతల విగ్రహాలు. నీడ మాత్రం కరువు. నీళ్ల సీసా లేనిదే ఎక్కకూడదు.

ఇంతకీ నన్ను ఇక్కడికి లాక్కొచ్చినవి విగ్రహాలు కావు, తవ్వకాల్లో దొరికిన రౌలెటెడ్ వేర్ పెంకులు. బూడిద, నలుపు రంగుల్లో పలుచని నున్నని పళ్లేలు. గోటితో కొడితే ఖంగుమంటాయి. లోపలి అడుగున వలయాలుగా సన్నని గాట్లు. సారె మీద తిరుగుతున్న పళ్లేనికి రేకు ఆనిస్తే అది తుళ్లితుళ్లి గాట్లు పెట్టిందని కొందరు, పళ్లచక్రం దొర్లించారని మరికొందరు.

1945లో పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వకాలు జరిపిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఇలాంటివే చూసి, మధ్యధరా తీరం నుంచి వచ్చిన సరుకన్నాడు. ఇంకేం, తూర్పు తీరంలో ఈ పెంకు దొరికితే చాలు, గ్రీకు రోము వర్తకులు గుర్తొచ్చేవారు. దొరగారి మాటకున్న బరువు అలాంటిది!

అలంకరణ పద్ధతి అటునుంచి వచ్చినా పళ్లెం ఇక్కడిదేనని 1980ల్లో పురావస్తు పరిశోధకురాలు విమలా బెగ్లే వాదించింది. 1990ల్లో పరిశోధకుడు విశ్వాస్ గోగ్టే, మట్టిలోని ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో పెంకుల్ని పరీక్షించి, ఆ మట్టి బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ ప్రాంతపు మట్టితో కలుస్తుందన్నాడు. ఇవే పళ్లేలు బాలి దీవిలోని సెంబిరాన్ దాకా వెళ్లాయి. అలాంటప్పుడు ఈ కళింగ తీరానికి సరుకు తేవడానికి అలెగ్జాండ్రియా ఓడలే రానక్కర్లేదు. గంగ ముఖద్వారం నుంచి ఒడ్డు వెంట దిగే పడవలు చాలు.

గ్రీకుల ఊసు పూర్తిగా పోదులెండి. అలెగ్జాండ్రియాలో కూర్చుని 2వ శతాబ్దంలో టాలెమీ గ్రీకులో రాసిన భూగోళంలో ఈ తీరపు రేవు పలూర ఉంది. ఓడలు ఒడ్డు విడిచి తూర్పు సముద్రంలోకి మళ్లే చోటు దాని దగ్గరే అన్నాడు. అది గంజాం దగ్గరి పాలూరని కొందరు, వంశధార సీమలోని దంతపురమని కొందరు.

పెంకు ఊరు మారితే తేదీలూ కదులుతాయి. వీలర్ వీటిని క్రీ.శ. 1వ శతాబ్దం దగ్గర పెట్టాడు, బెగ్లే క్రీ.పూ. 2వ శతాబ్దం దాకా వెనక్కి జరిపింది. పాత లెక్కతో కాలం కట్టిన పొరలన్నిటినీ మళ్లీ చూసుకోవాల్సిందే.