రక్తం బిళ్ళలు, రోజు కూలి

జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన నా క్లినిక్. ప్యాకింగ్ పనికి వెళ్ళే ఒకామె ఆయాసంతో వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ ఏడు. నెలసరి, నులిపురుగులు, అన్నీ వాకబు చేశాక "ఏం తింటున్నావమ్మా?" అని అడిగాను. పొద్దున టీలో రెండు రస్కులు, మధ్యాహ్నం అన్నం, చారు. గుడ్లు తెస్తుంది, పిల్లలకి. "నెలాఖరుకు గవి గూడ ఉండయ్ సార్. కిరాయి కట్టినంక ఏం మిగుల్తది?" ఐరన్ బిళ్ళలతో రక్తం పెరిగింది. ఆపిన కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికొచ్చింది.

సెక్యూరిటీ గార్డు పెద్దాయనకి షుగర్ 300 దాటింది. మోతాదు పెంచబోతుంటే, రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడని భార్య చెప్పింది. బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు కదా అంటే, రాత్రి డ్యూటీ మీద పగలు ఇంకో డ్యూటీ చేస్తున్నాడు. లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. కంటి నిండా నిద్రలేని ఒంట్లో షుగర్ ఎలా దిగుతుంది?

కనీస వేతనం మా వైద్యులకూ సంబంధించిన లెక్కే. 1957లో భారత కార్మిక మహాసభ కుటుంబాన్ని మూడు యూనిట్లుగా కట్టి, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి ఉండాలంది. ఆ అంకె పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ అక్రాయిడ్‌ది. ఆయన కూనూరులో నడిపిన ప్రయోగశాలే 1958లో హైదరాబాద్ వచ్చి, తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) అయింది. బట్ట, అద్దె, వంటచెరకు విడిగా లెక్కేశారు. పిల్లల చదువు, వైద్యం వగైరాలకు మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో చెప్పింది 1991లో. అన్నేళ్ళూ కార్మికుడికి జ్వరం రాలేదా?

కేంద్రం వేసిన నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన నివేదికలో కనీస వేతనం రోజుకు 375 రూపాయలు ఉండాలంది. అదే ఏడాది కేంద్రం జాతీయ కనీసంగా ప్రకటించింది 178. ధరల సూచీని బట్టి కరువు భత్యం పెరుగుతుంది, నిజమే. మూల వేతనమే పాతబడిపోతే ఆ భత్యం ఎక్కడ సరిపోతుంది?

జీతాలు పెంచితే చిన్న ఫ్యాక్టరీలు మూతపడతాయంటారు. ఆ యజమానులూ నా దగ్గరికి వస్తారు, వాళ్ళ బీపీ కూడా చూస్తాను; వాళ్ళ భయం బూటకం కాదు. కానీ తక్కువ జీతపు ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు దాన్ని భరిస్తున్నవి ఆ పెద్దాయన కిడ్నీలు. వేతన సలహా మండలిలో యజమానులు, కార్మికులతో పాటు స్వతంత్ర సభ్యులుంటారు. అందులో ఒక కుర్చీ బస్తీల్లో వైద్యం చేసేవాళ్ళకు ఇవ్వాలి. కందిపప్పు, గుడ్డు, గది అద్దె, షుగర్ బిళ్ళ, ఈ ఏడాది ధరలతో మళ్ళీ లెక్క కట్టాలి.