సీసాకు చీటీ, చేతికి పనిముట్టు

గృహిణికి పనిముట్ల వివేకము ఒకరు బోధింపనక్కరలేదు. కూర తరుగుటకు కత్తిపీట, కొబ్బరి కోరుటకు కోరాము, నాలుగు మిరియములు నలుపుటకు చిన్న కల్వము, పండుగనాటి పిండికి పెద్దరోలు: దేనికేది తగునో ఆమె చేతికే తెలియును. అట్టి మనమే కంప్యూటరు పనిముట్ల కడకు వచ్చుసరికి ఆ వివేకమును గడపవద్ద విడిచిపెట్టి, ఒకరు సులభమన్న దానిని గ్రుడ్డిగా నమ్ముటయో, ఒకరు గొప్పదన్న దానికై ఉన్నదెల్ల ఊడ్చిపెట్ట బూనుటయో చేయుచున్నాము. మేమును అట్లే చేసితిమి. చెప్పుకొనుటకు సిగ్గైనను, సోదరీమణులకు కొంత మేలు కలుగునని వ్రాయుచున్నాము.

మా ఆడుబిడ్డ భర్తను కోల్పోయి మా యింట చేరి ఆరేండ్లయినది. ఒక్కతే కూతురు. అన్నగారి సంపాదనపై ఆధారపడి యుండుట ఆమెకు ఇష్టము లేదు. చేతిలో పచ్చళ్ల పనితనమున్నది. ఆవకాయ, గోంగూర, చింతకాయ మొదట ఇరుగుపొరుగులకును, పిదప నాంపల్లి కార్యాలయములలో పనిచేయు స్త్రీలకును అమ్మసాగెను. ఆ రాబడితోనే పిల్ల బడిజీతము చెల్లుచున్నది. సీసాలు దుకాణములకెక్కవలెనన్నచో వానికి చీటీ కావలెను. చీటీ యనగా పేరు మాత్రమే కాదు. దినుసుల పట్టిక, నికరపు బరువు, తయారైన తేది, ఆహారభద్రతాశాఖవారిచ్చు 14 అంకెల సంఖ్య, శాకాహారమని తెలుపు చదరములోని ఆకుపచ్చ చుక్క, ఇవి యన్నియు అరచేతి కాగితముపై స్పష్టముగా కనబడవలెను.

అప్పటివరకు ఆమె సెల్‌ఫోనులోని కాన్వా అను సాధనముతో పని జరుపుకొనుచుండెను. ఇది 2013లో ఆస్ట్రేలియాలో మొదలైనది. సిద్ధముగానున్న నమూనాలలో నొకదాని నెన్నుకొని, మాటలు మార్చి, బొమ్మ చేర్చినచో పావుగంటలో “ఈ ఆదివారము కొత్తావకాయ” అను ప్రకటన తయారగును. వాట్సాపులో పంపిన గంటకే బేరములు వచ్చెడివి. అదే ధైర్యముతో చీటీయు ఫోనులోనే చేసి, సామాన్యపు ఫోటో వలె భద్రపరచి, మొజంజాహీ మార్కెట్టు దాపున నొక సందులోని ముద్రణశాలకు పంపితిమి. అచ్చట “గోంగూర పచ్చడి” అను పేరును పెద్ద యక్షరములతో మరల కూర్చి మాకు నమూనా చూపిరి. మేము కంటద్దములు ఇంట మరచివచ్చి, తొందరలో సరేయంటిమి.

వేయి చీటీలు అచ్చై వచ్చినవి. ఫోనులో నిగనిగలాడిన మిరపపండు కాగితముపై ఇటుకపొడి రంగు తేలెను. దినుసుల పట్టిక అలికినట్లుండెను. అంచునున్న అక్షరములు కోతలో పోయెను. అన్నిటికంటె ఘోరము, చకారము క్రింది ఒత్తు ఊడి పక్కకు వచ్చి, పచ్చడి కాస్త “పచ్‌చడి” యై కూర్చుండెను. తప్పు వారిదెంత, మాదెంత యని తగవులాడి ఫలమేమి? సరేయన్న నోరు మాదే.

ఆ కట్ట చంకనిడుకొని మార్కెట్టు గడియారపు గోపురము దాపున కూర్చుంటిమి. ఏడవ నిజాము రెండవ కుమారుని పేరట 1935లో వెలసిన రాతి కట్టడమది. పూర్వము పండ్లబజారుగా పేరొందినది. చాలకాలము కళదప్పియుండి, మరమ్మతుల పిమ్మట 2020 ఆగస్టులో కొత్త శోభతో తిరిగి తెరువబడినది. పిల్ల ఐసుక్రీమునకై మారాము చేయుచుండెను. ఆడుబిడ్డ కన్నులు తుడుచుకొని, “వదినా, ఈ చిన్న పనిముట్టు నాకు చాలదు. ఆబిడ్సులో ఫోటోషాపు, ఇల్లస్ట్రేటరు, కోరల్‌డ్రా అన్నీ ఆరునెలల్లో నేర్పుతారట. గాజులమ్మి చేరుతాను,” అనెను. ఆ మాటకు మా గుండె కలుక్కుమన్నది. ఆమెకు మిగిలినవి ఆ రెండు గాజులే.

సమాధానము తోచక ఎదుటి దుకాణములవైపు చూచితిమి. ఐసుక్రీము దుకాణపు గోడపై ఆనాటి రుచులు తెలుపు కాగితమొకటి అంటించియుండెను. రేపటికి దాని పని తీరిపోవును. అత్తరు దుకాణములో చిటికెనవ్రేలంత సీసాపై ఆవగింజలవంటి యక్షరములు, ఒక్కటైనను చెదరక, నిలిచియుండెను. ఈ రెంటికిని ఒకే పనిముట్టు ఎట్లు తగును? అప్పుడు మాకు మా కత్తిపీటయు కల్వమును జ్ఞప్తికి వచ్చినవి. “నెల్లాళ్లు ఆగవమ్మా, తర్వాత గాజుల మాట ఆలోచిద్దాము,” అంటిమి.

పిదప ముద్రణపని తెలిసిన మా బంధువుల అబ్బాయి నడిగి కొన్ని సంగతులు గ్రహించితిమి. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులతో రంగులు చూపును; అచ్చుయంత్రము నీలి, గులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాలతో అద్దును. వెలుగులోని ఎరుపంతయు సిరాకు చిక్కదు. కాగితము కోయునపుడు కత్తి వెండ్రుకవాసి తప్పవచ్చును గనుక అంచు రంగు కోతగీతకు 3 మిల్లీమీటర్లు బయటకు పొడిగింపబడవలెను. అక్షరములు లోపలికి జరిగియుండవలెను. మరి ఫోటో అనునది నువ్వులు పరచి తీర్చిన బొమ్మవంటిది. పెంచినకొలది గింజలే కనబడును. ఇల్లస్ట్రేటరు, కోరల్‌డ్రా వంటివి గీయునది చుక్కల ముగ్గు. చుక్కల లెక్కయు గీత నడకయు తెలిసియున్నచో పీటమీదనైనను వాకిలి నిండనైనను అదే ముగ్గు చెదరక వచ్చును. చీటీలోని చిన్న యక్షరములకు ఈ ముగ్గుపద్ధతియే తగినది. ఫోటోషాపు ఎంత గొప్పదైనను ఛాయాచిత్రములు దిద్దుటయే దాని ముఖ్యవిద్య. గొప్పది కదాయని దానిని నేర్చియున్నను మా పని సగమే తీరెడిది. కాన్వాలో సహితము ముద్రణకు తగిన పి.డి.ఎఫ్. తీయు మార్గమున్నదనియు, మేమే ఎరుగక ఫోటోగా తీసితిమనియు అప్పుడే తెలిసినది.

తెలుగువారికి ఇంకొక చిక్కు గలదు. ముద్రణశాలలలో చిరకాలముగా వాడుకలోనున్న అను అక్షరములు వేరు. మన ఫోనులలోని యూనికోడు అక్షరములు వేరు. మొదటివి ఆ ఫాంటు లేని చోట అర్థములేని గుర్తులగును. రెండవవి పాత సాఫ్టువేరులో ఒత్తులూడి కూలబడును. మా పచ్చడికి పట్టిన గతి ఇదియే. కావున పని ముగిసిన పిదప అక్షరములను గీతలుగా మార్చి పంపవలెను; దిద్దుకొనుటకు వేరొక ప్రతి మనయొద్ద నుంచుకొనవలెను. యూనికోడులో చక్కని తెలుగు ఫాంటులు ఉచితముగానే లభించుచున్నవి. 1926లో ఈ నగరమున గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారి పేర “సురవరం” అను ఫాంటు సైతము గలదు.

తుదకు గాజులు అమ్మలేదు. 2003 నుండి ఉచితముగా లభించుచున్న ఇంక్‌స్కేపు అను ముగ్గుపద్ధతి సాధనమును పిల్ల చదువుకై కొన్న కంప్యూటరులో పెట్టుకొంటిమి. రాత్రి వంటిల్లు కడిగిన పిమ్మట గంటసేపు చొప్పున మూడు వారములు ఆడుబిడ్డ దానితో కుస్తీపట్టెను. మొదటి వారము గీత వంకరపోయినదని కంటనీరు పెట్టెను. మూడవ వారమునకు చీటీ నిలిచెను. ఈ పర్యాయము కంటద్దములు పెట్టుకొని ప్రతి యక్షరమును బిగ్గరగా చదివి, మొదట ఇరువది మాత్రమే అచ్చువేయించి, సీసాకు అంటించి చూచి, తరువాత మిగిలినవి వేయించితిమి. ఆదివారపు ప్రకటనలు మాత్రము నేటికిని కాన్వాలోనే సాగుచున్నవి. దానిని విడువవలసిన పని యేమి?

ఇతరులకు పనిచేసిపెట్టి దానినే జీవనోపాధి చేసికొనదలచిన యువతులు పెద్ద సాఫ్టువేరులు శ్రద్ధగా నేర్చుట యుక్తమే. ఆ వ్యయము వారికి తిరిగి వచ్చును. కాని మన యింటి పనికై వెదకువారము మొదట సాధనము పేరడుగరాదు. ఈ పని ఎచ్చట ముగియును, తెరపైనా, కాగితముపైనా? ఒక్కనాటిదా, ఏండ్లతరబడి నిలుచునదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికినచో సాధనమెద్దియో తనంతట తెలియును.

ఆ వేయి చీటీలు పారవేయలేదు. వెనుకవైపు తెల్లగానే యున్నది గదా! పిల్ల వానిపై లెక్కలు చేసికొనుచున్నది.